మగ్గం మీద మిగిల్చిన పోగులు

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని ముక్కు ఎగబీలుస్తుంటే, పరీక్ష ఫలితాలేవో వచ్చి కొంప మునిగిందేమోనని కళ్ళజోడు వెతుక్కుని మరీ వెళ్ళి చూశాను. ఫలితాలూ లేవు, పాడూ లేదు. ఆ పిల్ల ఏడాదిగా పెంచుకొస్తున్న కాలనీ అంతరించిపోయే స్థితికి వచ్చిందట. కాలనీ అనగానే నాలాగే మీరూ తెనాలి పొలిమేరల్లో కొత్తగా వేస్తున్న ప్లాట్లు అనుకునేరు. ఇది ఆట. మన చిన్నతనంలో బొమ్మరిల్లు కట్టుకున్నట్టు ఇప్పటి పిల్లలు ఊళ్ళకి ఊళ్ళే కట్టుకుంటున్నారు.

మనిషి అలికిడి లేని ఒక బీడు నేల మీద కొద్దిమంది చిట్టి మనుషులు దిగుతారు. మనం పైనుంచి చూస్తూ వాళ్ళ చేత ఇళ్ళు కట్టించాలి, పంటలు వేయించాలి, చలికాలం వచ్చేలోగా బట్టలు కుట్టించాలి. వాళ్ళు చెప్పిన పని చేస్తూనే, మనసు బాగాలేకపోతే అన్నీ వదిలేసి ఒక మూల అలిగి కూర్చుంటారు కూడా, అచ్చం మన ఇళ్ళల్లోలాగే. మోకాళ్ళ నొప్పులతో నేను గడప దాటడం తగ్గించిన వానాకాలంలో, మా అమ్మాయి వాళ్ళింట్లోనే ఉండిపోయి, ఈ పిల్ల కుర్చీ వెనకాల నిలబడి ఆ ఆట చూడటం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి నాకూ ఒక కుర్చీ పడింది. ఇంకొన్నాళ్ళకి సలహాలు మొదలయ్యాయి. ఉద్యోగమంతా పంతులమ్మగా చేసినదాన్ని, ఊరికే చూస్తూ కూర్చోమంటే నా వల్ల అవుతుందా చెప్పండి.

ఆ ఆటలో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఇళ్ళూ పంటలూ కాదు, చెత్త. కొండ తవ్వితే రాతి ముక్కలు మిగులుతాయి. వంట వండితే తొక్కలూ తుక్కూ మిగులుతాయి. వేసుకున్న బట్టలు చిరుగుతాయి, పనిముట్లు విరుగుతాయి, దాచిన ధాన్యంలో కొంత కుళ్ళుతుంది. ఇదంతా దారుల్లో పడి ఉంటే ఆ చిట్టి మనుషులు దాన్ని దాటుకుంటూ నెమ్మదిగా నడుస్తారు, చూసి చూసి మొహం మాడ్చుకుంటారు. మా మనవరాలు దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా సులువు. గోడ అవతల ఒక పెద్ద గొయ్యి, అందులో అన్నీ కలిపి పోయడం, నిండగానే నిప్పు పెట్టడం. తీరా చలికాలం వచ్చేసరికి అతుకు వేయడానికి గుడ్డ ముక్క లేక సగం మంది వణుకుతూ కూర్చున్నారు.

నేను మా అమ్మ పద్ధతి చెప్పాను. ఏ మిగులు ఎవరికి పనికొస్తుందో వాళ్ళ చేతికి అందే చోట పెట్టు, రాళ్ళు రాళ్ళు కొట్టేవాడి పక్కన, చిరుగులు కుట్టేదాని పక్కన, కుళ్ళేవి పొలం గట్టున. ముందు పాడయ్యేవాటికి కప్పు కింద చోటివ్వు, రాయికి ఎండా వానా ఒకటే కాబట్టి దాన్ని బయటే ఉండనివ్వు అన్నాను. ముందు నవ్వింది గానీ చేసింది. వారం తిరక్కుండా ఆ ఊరి మనుషులకి అనవసరపు నడక తగ్గి, మొహాలు తేటపడ్డాయి. నేను గర్వపడలేదంటే అబద్ధమే అవుతుంది.

ఇక ఆ ఆదివారం సంగతి. గిడ్డంగిలో చోటు చాలడం లేదని మా పిల్ల పని చేయకుండా పడి ఉన్న ఒక పాత యంత్రాన్ని విప్పించి, విడిభాగాలు కూడా తగలబెట్టించింది. ఆ మొదటి మనుషులు తమతో తెచ్చుకున్న యంత్రమది. ఇళ్ళు వెచ్చగా ఉంచే పెద్ద పొయ్యి చెడిపోయాక గానీ తెలియలేదు, దానికి కావలసిన ముఖ్యమైన భాగం ఆ పాత యంత్రంలోనే ఉందని. అలాంటిది చేయడం తెలిసిన ఒక్క మనిషీ ఆటలో అంతకు ముందే చనిపోయాడు. వెనక్కి వెళ్ళి సరిదిద్దుకునే వీలు ఉంటుందట గానీ, ఈ పిల్ల పౌరుషానికి పోయి మొదట్లోనే ఆ వీలు వద్దనుకుని ఆట మొదలుపెట్టింది. ఇప్పుడు కాలనీ మొత్తం చెరిపేసి కొత్తది మొదలుపెడతానని కూర్చుంది. కాస్త ఆగమన్నాను. నీకు మా వదిన సంగతి చెబుతాను, విన్నాక చెరిపేసుకుందువు గాని అన్నాను. అక్కడ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, మన తరం వాళ్ళకైతే నేను మధ్యమధ్య ఆగి మగ్గం అంటే ఏమిటో బొమ్మ గీసి చూపించక్కర్లేదు.

మాది బాపట్ల నుంచి చీరాల వెళ్ళే దారిలో ఒక నేతగాళ్ళ వీధి. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంటిల్లు, మధ్యలో మా బతుకు. మా ఇంట్లో పారేసేది అంటూ ఏదీ ఉండేది కాదు. నిలువు పోగుల పడుగుకి పెట్టగా మిగిలిన గంజి ఎదురింటి గేదెకి వెళ్ళేది. తెగిన పోగులు ఒక గోనెలో పడేవి, అది నిండితే సైకిలు షాపాయన చేతులు తుడుచుకోవడానికి పట్టుకెళ్ళేవాడు, లేదా మా తలగడల్లోకి వెళ్ళేవి. నా పెళ్ళయ్యేదాకా నేను పడుకున్న తలగడలో మా వీధి కట్టిన రంగులన్నీ ఉండేవి. విరిగిన నూలు కండెలు పొయ్యిలోకి, పేక పోగుని అటూ ఇటూ మోసే నాడె అరిగిపోతే దాని ఇనుప ముక్కు తలుపు గడియకి. ప్రతిదానికీ మా అమ్మ ఒక మూల కేటాయించేది, ఆ మూలలు మాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరికీ చెప్పవలసి వస్తుందని ఎవరికీ తోచేది కాదు. మా ఇంటి పొరపాటల్లా అక్కడే ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మిగులు మగ్గం మీదే ఉండేది. పడుగు పూర్తయ్యాక నేసిన బట్టను కోసి తీసేస్తారు గదా, అప్పుడు దువ్వెనలాంటి అచ్చులోంచి జానెడు పొడవున పాత పోగుల కొసలు వేలాడుతూ మిగులుతాయి. వాటిని జారిపోకుండా గుత్తులు గుత్తులుగా ముడివేసి వదిలేసేవాళ్ళు. మా ఇంట్లో వాటిని పిలకలు అనేవాళ్ళం. కొత్త పడుగు వచ్చాక, వేళ్ళకి కచ్చిక బూడిద అద్దుకుని, పాత పోగు కొసకి కొత్త పోగు కొసని మెలిపెట్టి అతుకుతూ పోవాలి. అన్నీ అతికి ముందుకి లాగితే, పాతది దారి చూపిస్తుంటే కొత్తది దాని వెనకాలే అచ్చులోకి వచ్చేస్తుంది. అచ్చు వెనక పోగుల్ని ఎత్తి దించే దారపు కళ్ళు ఉంటాయి, పాత పోగు ఏ కంటిలోంచి వెళ్ళిందో కొత్తదీ అందులోంచే వెళుతుంది. మళ్ళీ కొత్త పడుగు వచ్చేదాకా ఆ పిలకలకి మా అమ్మ చిటికెడు పసుపు రాసి ఉంచేది, మగ్గం బోసిగా ఉండకూడదని.

మా నాన్న నేసే చీరలకి ఒక అంచు ఉండేది. వడ్లగింజలంత చిన్న చిన్న గింజలు వరసలు కట్టి, అన్నీ ఒకే పక్కకి వాలి ఉండేవి, గాలికి వంగిన చేనులాగా. ఆ గింజలు పడాలంటే అంచు పోగులు ఒక వరస ప్రకారం కళ్ళలోంచి దూరాలి. ఆ వరస మా నాన్న తన వయసులో ఎప్పుడో ఒకసారి కూర్చి ఎక్కించాడు. ఆ తర్వాత దాన్ని ఎవరికీ చెప్పలేదు. దాచుకుని కాదు, చెప్పే అవసరమే రాలేదు. ఎక్కించిన వరస పిలకల్లోనే ఉండేది, పడుగు మీద పడుగు అతుక్కుంటూ పోయేది. నాన్న పోయాక అన్నయ్య అదే మగ్గం మీద కూర్చున్నాడు. కాళ్ళతో ఏ కర్ర తర్వాత ఏ కర్ర తొక్కాలో అన్నయ్యకి తెలుసు. కళ్ళలో పోగుల వరస మాత్రం మగ్గానికే తెలుసు.

ఆ మరుసటేడు వదిన మా ఇంటికొచ్చింది. వాళ్ళది రేపల్లె, స్టేషను దగ్గర ఇల్లు. వాళ్ళూ నేతవాళ్ళే గానీ వాళ్ళ తాతగారి రోజుల్లోనే మగ్గం తీసేశారు, వాళ్ళ నాన్నగారు బడిలో గుమాస్తా. వదిన నా ఈడుదే. బొద్దుగా, నవ్వు మొహంతో, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక చీపురో గుడ్డో ఉండేది. వాళ్ళింట్లో పని అయిపోయిందంటే అద్దంలా తుడిచి పెట్టాకే అయిపోయినట్టు. మా ఇంట్లో పని ఎప్పుడూ అయిపోదు, సగంలో ఉంటుంది. ఆ రెండు అలవాట్లూ ఒకే కప్పు కింద ఎన్నాళ్ళు గొడవ పడకుండా ఉంటాయి?

వదిన వచ్చాక మొదటి పడుగు పూర్తయిన రోజున అమ్మా అన్నయ్యా కోసిన చీరలు ఇచ్చి కొత్త నూలు తెచ్చుకోవడానికి చీరాల వెళ్ళారు. నేను బాపట్ల కాలేజీకి వెళ్ళాను. వాళ్ళు వచ్చేసరికి ఇల్లు చూసి సంతోషించాలని వదిన ముందు గది మొత్తం దులిపింది. మగ్గం గుంటలో దుమ్ము ఎత్తింది, కర్రలన్నీ తడిగుడ్డ పెట్టి తుడిచింది, అచ్చుకి వేలాడుతున్న చింపిరి పోగులన్నీ ఒక్కొక్కటే ఓపికగా లాగేసి, అచ్చుని పాత పళ్ళ బ్రష్షుతో తోమి ఎండలో పెట్టింది. నేను బస్సు దిగి వచ్చేటప్పటికి గుమ్మానికి మామిడాకులు ఒక్కటే తక్కువ. నేను మగ్గం వంక చూశాను. గుంట దాకా వెళ్ళి ఖాళీ కర్రలు తడిమాను. అది చూసి తను మురిసిపోతూ బాగుందా అని అడిగింది.

ఆ వెనకే వాళ్ళూ వచ్చారు. అన్నయ్య భుజం మీది నూలు మూట అరుగు మీద పెట్టి అక్కడే నిలబడిపోయాడు. అమ్మ లోపలికి వచ్చి, మగ్గం చుట్టూ ఒకసారి తిరిగి, పిలకలు ఏవమ్మా అని మెల్లగా అడిగింది. వదినకి పిలకలంటే ఏమిటో కూడా తెలియదు. నేను విడమరిచి చెబితే, అప్పటికీ నవ్వు మొహంతోనే, "ఆ చెత్తా అత్తయ్యా? మీకు నీళ్ళు కాగాలని కాగు కింద పెట్టేశానండి" అంది.

మా అమ్మ కాగులోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుంది. ఆ నీళ్ళతోనే కాళ్ళు కడుక్కుని వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేదని వదిన తర్వాత ఎన్నోసార్లు అనేది. పక్కింటి పిన్ని వచ్చి జరిగిందేమిటో పూస గుచ్చినట్టు చెప్పాక, వదిన పరుగున కాగు దగ్గరికి వెళ్ళింది. ఆ పూట అన్నం ముట్టలేదు, మర్నాడూ అంతే. నాకు అప్పుడు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆమె కాగు ముందు కూర్చుని చల్లారిన బూడిద కెలుకుతుంటే చూడలేకపోయాను.

బట్ట నడిమి భాగానికి ఇబ్బంది లేదు, ఆ పోగులు ఎక్కించడం వీధిలో ఎవరికైనా వచ్చు, నాలుగు రోజుల చాకిరీ అంతే. అంచే చిక్కు. పెద్దవాళ్ళు వచ్చి కూర్చుని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. ఒక్కో ఇంటికి ఒక్కో అంచు ఉండే వీధి అది, పక్కవాడి అంచు జోలికి ఎవరూ వెళ్ళరు, మర్యాద కాదు. మరి తెలిసేదెలా? పాత చీర ఒక్కటి దొరికినా చూసి చేసుకోవచ్చునని అన్నయ్య చీరాల పరుగెత్తాడు. షావుకారు దగ్గర ఒక్కటీ మిగల్లేదు, ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. మా ఇంట్లోనా, మేం కట్టుకునేవి మేం నేసినవి కావు. మా నాన్న చేతి పని అంతా ఊళ్ళు పట్టుకుపోయింది, ఇంటికి మిగిలింది ఆ పిలకలొక్కటే, వాటితో నీళ్ళు కాచుకున్నాం.

అన్నయ్య పడుగు చుట్ట విప్పకుండా మూలన పెట్టాడు. సాదా అంచు వేసుకుందాంలే అని పైకి అనేవాడు, మగ్గం దగ్గరికి మాత్రం వెళ్ళేవాడు కాదు. పొద్దున్నే లేచి గుంట అంచున కాసేపు కూర్చుని, లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. నాన్న పోయిన రోజుల్లో కూడా అన్నయ్య అంత డీలాపడటం నేను చూడలేదు. అప్పుడు మగ్గం చప్పుడు ఉంది, ఇప్పుడు అదీ లేదు.

వారం గడిచాక వదిన పుట్టింటికి వెళ్ళొస్తానంది. అమ్మ వెళ్ళిరమ్మంది. వీధిలో వాళ్ళు మాత్రం ఇక రాదనుకున్నారు, కొందరు మొహం మీదే అడిగారు. నిజం చెప్పొద్దూ, రేపల్లె బండి కోసం తెనాలి దాకా తోడు వెళ్ళిన నాక్కూడా ఆ అనుమానం ఉంది. పెట్టె కాస్త బరువుగానే అనిపించింది.

అక్కడ ఏం జరిగిందో తర్వాత తనే చెప్పింది. వాళ్ళింట్లో ఒకరోజు అన్నం గిన్నె దించబోతూ మసిగుడ్డ కోసం చెయ్యి చాపిందట. వాళ్ళమ్మ మెత్తటి పాత ధోవతి ముక్క అందించింది. అది చేతికి పల్చగా తగిలి, మా ఇంటి మసిగుడ్డ ఎంత దళసరిగా ఉండేదో, దాని చివర బొటనవేలికి ఎలా గరుకుగా తగులుతూ ఉండేదో గుర్తొచ్చిందట. గిన్నె అలాగే వదిలేసి పెట్టె సర్దుకోబోయానంది. ఆ మర్నాడు పొద్దున్నే మొదటి బండికి బయల్దేరి వచ్చేసింది. పెట్టెలో వాళ్ళ నాన్నగారి భూతద్దం, బడిలో కుట్టు నేర్చుకున్నప్పటి సన్న సూదులు ఉన్నాయి. వస్తూనే చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా, "అత్తయ్యా, ఆ మసిగుడ్డ పారెయ్యలేదు కదండీ?" అంది.

మా ఇంట్లో పారేయడం ఎక్కడుంది? నాన్న నేసిన ఆఖరి పడుగు చివర, పేక సరిగ్గా పడక పనికిరాని బెత్తెడు ముక్కని అమ్మ కోసి మడత పెట్టి కుట్టి మసిగుడ్డ చేసింది. మా అందరి చేతుల్లో రెండు పూటలా తిరుగుతూనే ఉంది, మసి పట్టి, జిడ్డు పట్టి, అది ఏ రంగుదో మాకే తెలియకుండా పోయింది. వదిన దాన్ని ఉతకనివ్వలేదు, ఉతికితే పోగులు విడిపోతాయని. వెలుతురు పడే కిటికీ కింద కూర్చుని సూదిమొనతో అంచు పోగులు ఒక్కొక్కటే ఎత్తి చూడటం మొదలుపెట్టింది. బట్ట పోగులు లెక్కపెట్టి పూలు కుట్టే కుట్టు తనకి వచ్చు, ఆ చూపు తనకి ఉంది. ఏ పోగు ఏ పోగుతో కలిసి పైకి లేస్తుందో తను చెబుతుంటే, నేను నేల మీద గింజలు పేర్చాను. ఒకేసారి లేచే పోగులకి ఒకే రకం గింజ. కంది గింజలు, ఆముదాలు, చింతపిక్కలు, అమ్మ సీసాల్లో ఎన్ని రకాలున్నాయో అన్ని రకాలూ ఆ గదిలోకి వచ్చాయి. కోడిపిల్లలు రాకుండా అమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. పని అయ్యేదాకా కదల్లేదు.

అంచు సగంలో వేడి గిన్నె తగిలి కాలిపోయిన ఒక చిల్లు ఉంది. అక్కడ కొన్ని పోగులు లేవు. వదిన భూతద్దం పెట్టి అటూ ఇటూ చూసింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ చూసింది. పక్క వరసలను బట్టి ఊహించుకోవాలి, అంతకన్నా దారి లేదు. చాలాసేపు ఆలోచించి, నా చేతిలోంచి ఒక ఆముదపు గింజ తీసుకుని తనే అక్కడ పెట్టింది.

అన్నయ్య ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో మేం చూడలేదు. నేల మీద గింజల బారు వంక, ఆ మసి మొహాల వంక చూసి, మగ్గం గుంటలోకి దిగాడు. వదిన గింజలు చూసి కంది, కంది, ఆముదం, చింతపిక్క అని చదువుతుంటే అన్నయ్య ఆ ప్రకారం పోగులు కళ్ళలోంచి తీసుకుంటూ పోయాడు. వదిన గొంతు బొంగురుపోతే నేను అందుకునేదాన్ని. ఆ రోజుల్ని ఇప్పుడు తలుచుకున్నా నాకు ఎంతో హాయిగా ఉంటుంది. పెళ్ళయి ఇన్ని నెలలైనా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుండగా నేను విన్నది అదే మొదలు, అవీ గింజల పేర్లు.

పడుగు బిగించి, జానెడు నేశాక, అన్నయ్య మగ్గం ఆపి అమ్మని పిలిచాడు. అంచు మీద గింజలు పడ్డాయి. అమ్మ వంగి, చూపుడు వేలితో అంచు వెంబడి తడుముకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది. అక్కడ ఒక్క వరస గింజలు మిగతావాటికి ఎదురు వాలి ఉన్నాయి. చిల్లు ఉన్న చోటది. వదినకి అర్థమై, గబుక్కున కత్తెర అందుకుని, విప్పి మళ్ళీ ఎక్కిద్దామని అన్నయ్యని లేవమంది. అన్నయ్య సరేనని లేవబోయాడు.

అమ్మ ఆ కత్తెర తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "తియ్యొద్దమ్మాయ్. ఈ ఒక్క వరసా నువ్వు పెట్టింది. మీ మామయ్య గింజల పక్కనే ఉండనియ్యి" అంది.

వదిన ఏడ్చిన ఏడుపు చెప్పలేను. నేనూ ఏడ్చాను. అన్నయ్య ముక్కు తుడుచుకుని నాడె విసిరాడు. వీధిలో వాళ్ళు కొన్నాళ్ళు ఎదురు వాలిన ఆ వరసకి రేపల్లె గింజ అని పేరు పెట్టి ఆటపట్టించారు. తర్వాత అలవాటు పడ్డారు. పడుగు మీద పడుగు, పిలకకి పిలక అతుక్కుంటూ, నాన్న గింజలూ వదిన గింజా కలిసి మా ఇంటి అంచు అయిపోయాయి. ఎవరింట్లోనైనా అంచు చిక్కుపడితే వదినకి కబురొచ్చేది, ఆవిడ భూతద్దం చెంగున కట్టుకుని వెళ్ళేది.

నాకు ఉద్యోగం వచ్చి తెనాలి చేరాను, పెళ్ళయి ఇక్కడే ఉండిపోయాను. అమ్మ పండుముసలి అయ్యాక, ఆ వీధిలోనే, ఆ ఇంట్లోనే కన్నుమూసింది. వీధిలో ఒక్కొక్క మగ్గమే ఆగిపోతూ వచ్చింది. అన్నయ్యకి నడుం పట్టేసి, కొడుకు బాపట్లలో ఇల్లు కట్టుకున్నాక, మా మగ్గమూ విప్పేశారు. అప్పుడు మగ్గం మీద ఉన్న పిలకలు ఏం చేశారని నేను అడగలేదు. వాళ్ళిద్దరూ ఇప్పుడు బాపట్లలో సుఖంగానే ఉన్నారు. అన్నయ్య మిద్దె మీద మల్లెలు పెంచుతాడు, వదిన రాలిన ఆకులతో సహా లెక్క చెబుతుంది. దులిపే అలవాటు పోలేదు, ఏదైనా తీసే ముందు మాత్రం ఇది ఎవరిది, ఎందుకుంచారు అని ఇల్లంతా వినపడేలా అడుగుతుంది.

ఇదంతా విన్నాక మా మనవరాలు కాలనీ చెరపలేదు. ఉన్నవాళ్ళందరినీ ఒక్క పెద్ద గదిలోకి చేర్చి, గోడవతల గొయ్యిలో కాలకుండా మిగిలిన ఇనుప ముక్కలు ఏరించి, ఏదో వంకర పొయ్యి ఒకటి కట్టించింది. అది పొగ ఎక్కువ, వేడి తక్కువ అని రోజూ నాకు ఫిర్యాదు చేస్తుంది. జనం మాత్రం చలికాలం దాటారు.

మొన్న కళ్ళు చూపించుకోవడానికి వదిన తెనాలి వచ్చింది. డాక్టరు దగ్గర పని అయ్యాక, ఇద్దరం బజారులో ఒక బట్టల కొట్టుకి వెళ్ళాం, మనవరాలికి ఏదైనా తీసుకుందామని. కొట్టాయన చీరల దొంతర మా ముందు విప్పుతుంటే వదిన చెయ్యి ఒకదాని మీద ఆగిపోయింది. మిషను మీద నేసిన చీర, మెరుపు ఎక్కువ, బరువు తక్కువ. అంచున వడ్లగింజలు, ఒకే పక్కకి వాలి ఉన్నాయి. వదిన అప్పుడే మందు వేయించుకున్న కళ్ళని నమ్ముకోకుండా వేలితో తడుముకుంటూ వచ్చింది. ఒక్క వరస ఎదురు వాలింది.

ఇది ఎక్కడి సరుకని అడిగితే కొట్టాయన ఏవో రెండు మూడు ఊళ్ళ పేర్లు చెప్పి, సరిగ్గా తెలియదన్నాడు. ఇప్పుడు ఇదే బాగా పోతోందని, ఆ ఒక్క వరస ఎదురు తిరిగి ఉండటమే దీనికి అందమని, కావాలనే అలా డిజైను చేశారని మాకు ఓపిగ్గా వివరించాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆ చీరే తీసుకున్నాం. మెట్లు దిగాక, అది మన అంచని ఆయనకి ఒక మాట చెప్పకపోయావా వదినా అన్నాను.

"ఎందుకులే. తప్పని తెలిస్తే సరిచేసేస్తారు" అంది.

ఇద్దరం నవ్వుకుంటూనే ఆటో ఎక్కాం. నాకు సంతోషంగానే ఉంది, ఇప్పటికీ ఉంది. మా నాన్న అంచు ఇక ఎక్కడికీ పోదు, ఏ ఊళ్ళో ఎవరు ఏ మగ్గం తుడిచి పెట్టినా దానికేం కాదు. అది పోతుందేమోనని మేం తిండి మానేసి కూర్చున్న రోజుల్లో అది ఒక్క మగ్గం మీదే ఉండేది, దాన్ని చూసి ఇది ఫలానా వాళ్ళదని చెప్పే మనుషులు మాత్రం వీధి నిండా ఉండేవాళ్ళు. ఇప్పుడు అది ఎన్ని వేల చీరల మీద ఉందో నాకు తెలియదు. చెప్పగలిగినవాళ్ళం మేం ముగ్గురమే మిగిలాం.